పది మంది పిల్లలు కూడేదాకా

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరే అమ్మాయిలను మా చర్చివాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి పంపుతుంటారు. ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇల్లు కనుక్కోవడం కష్టమేం కాదు. కూరగాయల బండివాడిని అడిగినా “సూదులమ్మ ఇల్లా?” అని చూపిస్తాడు. వచ్చిన పిల్లలు సోఫా అంచున బుద్ధిగా కూర్చుని, “ఆంటీ, టీకాల పనిలో ముఖ్యంగా ఏం నేర్చుకోవాలి?” అని అడుగుతారు. నేను టీ ఇస్తాను, రెండు సరదా సంగతులు చెప్తాను, బాగా పని చేయండమ్మా అని పంపిస్తాను. వాళ్ళు గేటు దాటాక నా మీద నాకే విసుగొస్తుంది. చెప్పాల్సింది చెప్పలేదని తెలుసు కదా.

అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు రెండొచ్చాయి, రెండూ ఆలస్యంగానే వచ్చాయి, ఆ గోల ఎవరికీ అక్కర్లేదు. సూది ఎలా వేయాలో అసలే రాయను. అది తొందరగా వచ్చే విద్యే. పిల్ల ఏడుస్తుంది, తల్లి మొహం తిప్పుకుంటుంది, మీరు వేసేస్తారు. ఈ ఉద్యోగంలో ఎవరికి వేశామన్నది అందరికీ గుర్తుంటుంది. ఎవరికి వేయకుండా పంపించేశామన్నది ఎవరికీ గుర్తుండదు. నేను రాసేది ఆ రెండోదాని గురించి.

మా సెంటరు

మాది ఒంగోలు వైపు. అక్కడి మిషన్ ఆసుపత్రిలో ట్రైనింగయ్యాను. పెళ్ళయ్యాక సికింద్రాబాద్ వచ్చాను. మా ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు. తిరుమలగిరిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు పోస్టింగు బన్సీలాల్‌పేట్ అవతల ఒక బస్తీలో వచ్చింది. ఆ బస్తీ పేరు రాయను, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

సెంటరంటే ఏదో ఊహించుకోకండి. రేకుల కప్పు గది, ఒక బల్ల, తల్లులు కూర్చోవడానికి ఒక బెంచీ, మూలన కిరసనాయిలు స్టవ్వు. ఆ స్టవ్వు మీద గాజు సిరంజిలు ఉడుకుతుండేవి. ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతారు గానీ, వాడిన సిరంజినే కడిగి, ఉడకబెట్టి మళ్ళీ వాడేవాళ్ళం. బుధవారం పొద్దున ఐస్ నింపిన డబ్బాలో టీకాలు వచ్చేవి. మధ్యాహ్నానికి గది నిండా ఏడుపులు, పాల వాసన, కిరసనాయిలు వాసన.

మా ఆయా పేరు బాలమణి. ఆ బస్తీలోనే పుట్టి పెరిగింది. మొదట్లో అక్కడివాళ్ళ మాట నాకు సగమే అర్థమయ్యేది, నా మాట వాళ్ళకు తమాషాగా ఉండేది. ఒకరోజు బాలమణి నన్ను పక్కకు పిలిచింది.

“సిస్టరమ్మా, మీరు ‘రండమ్మా, కూర్చోండమ్మా’ అంటుంటే గీళ్ళంత సినిమాల మాట్లాడుతున్నరనుకుంటున్నరు. జెర గట్టిగ పిలువున్రి.”

గట్టిగా పిలవడం తొందరగానే నేర్చుకున్నాను. నిజానికి ఎక్కువే నేర్చుకున్నాను. ఆలస్యంగా వచ్చిన తల్లిని, కార్డు ఇంట్లో మర్చిపోయిన తల్లిని, పిల్లకి జలుబు చేసిందని రాని తల్లిని, అందరినీ కడిగేసేదాన్ని. వాళ్ళ మంచికే కదా అనుకునేదాన్ని. ‘సిస్టరమ్మ కోపిష్టిదే గానీ మనసు మంచిది’ అని వాళ్ళు అంటే విని మురిసిపోయేదాన్ని.

ఇక్కడ ఒక్క సంగతి తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. తట్టు టీకాని మేం మీజిల్స్ అనేవాళ్ళం. అది పొడి రూపంలో చిన్న సీసాలో వస్తుంది. నీళ్ళ మందు కలిపితే పది మంది పిల్లలకు సరిపోతుంది. కానీ కలిపాక నాలుగు గంటలే. ఆ లోపల ఎంతమందికి వేస్తే అంతమందికి, మిగిలింది పారేయాలి. ఇద్దరు పిల్లల కోసం సీసా విప్పితే ఎనిమిది మందికి సరిపోయేది చెత్తలోకి పోతుంది.

ప్రభాకర్ డాక్టర్ గారు

మా పైన ఆఫీసరు డాక్టర్ ప్రభాకర్ గారు. నిజాయితీపరుడు. సొంత స్కూటరు మీద, సొంత పెట్రోలుతో బస్తీలన్నీ తిరిగేవారు. అంతకుముందు ఆయన పనిచేసిన జిల్లాలో ఒకసారి టీకాలు అయిపోయి, ఎండలో నడిచొచ్చిన తల్లులను ఉత్త చేతులతో వెనక్కి పంపాల్సి వచ్చిందట. ఆ సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పారో. “ఒక్క చుక్క వృథా అయితే ఎక్కడో ఒక పిల్ల నోటి దగ్గరిది లాక్కున్నట్టే” అనేవారు.

నెలకోసారి మీటింగు. ఎన్ని సీసాలు విప్పారు, ఎంతమందికి వేశారు అని ఒక్కొక్క సెంటరునీ అడిగేవారు. తేడా ఎక్కువున్న నర్సు లేచి నిలబడాలి. తిట్టేవారు కాదు. “సిస్టర్, ఈ మిగిలినదంతా ఏమైంది?” అని మెల్లగా అడిగేవారు, అంతే. కానీ అందరి ముందూ అలా నిలబడడం కంటే తిట్టించుకోవడమే నయమనిపించేది. ఒకావిడ అక్కడే ఏడ్చేసింది.

నేను ఒక్కసారి కూడా నిలబడలేదు. ఎందుకంటే నా పద్ధతి నాకుంది. తొమ్మిది నెలలు నిండిన పిల్లలు ఏ వారం ఇద్దరో ముగ్గురో వస్తే సీసా విప్పేదాన్ని కాదు. ‘వచ్చే బుధవారం రండి’ అనేదాన్ని. బాలమణి గల్లీలు తిరిగి లెక్క చూసి వస్తే, దాదాపు పది మంది కూడతారనుకున్న బుధవారం విప్పేదాన్ని. ఒక్క చుక్క మిగిలేది కాదు. “కరుణ సిస్టర్‌ని చూసి నేర్చుకోండి” అన్నారు ప్రభాకర్ గారు ఒక మీటింగులో. ఆ రోజు ఇంటికెళ్ళి ఆ మాట మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయన పేపరు తీసి పక్కన పెట్టి, “విన్నానులేవే” అన్నారు.

ప్రభాకర్ గారిని తప్పు పట్టడానికి రాయడం లేదు. చెడ్డ ఆఫీసరు చెప్పింది మనం సగమే చేస్తాం, కాబట్టి నష్టం కూడా సగమే జరుగుతుంది. మంచి ఆఫీసరు పొరపాటు మాట చెప్తే మాత్రం ప్రాణం పెట్టి చేస్తాం. నేను చేసింది అదే.

అంజమ్మ

అంజమ్మ నాలుగు ఇళ్ళలో గిన్నెలు తోమేది. మొగుడు లారీ క్లీనరు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. మొదటి కాన్పు ఆడపిల్ల, పేరు రేణుక. ఆ పిల్లకు తొమ్మిది నెలల లోపు వేయాల్సిన టీకాలన్నీ నా చేత్తోనే వేశాను. అంజమ్మ ఒక్కటి కూడా తప్పించలేదు, ఒక్కసారి కూడా కార్డు మర్చిపోలేదు. నేను కడిగేయని కొద్దిమంది తల్లుల్లో ఆమె ఒకతె.

రేణుకకు తొమ్మిది నెలలు నిండాక ఒక బుధవారం ఎత్తుకుని వచ్చింది.

“తొమ్మిది నెలలు నిండినంక రమ్మంటిరి గద సిస్టరమ్మా, వచ్చిన.”

“ఇవాళ మీజిల్స్ పిల్లలు ఎంతమంది బాలమణీ?” అని అడిగాను.

“గీ పిల్లతోని ఇద్దరే.”

“వచ్చే బుధవారం రామ్మా. ఇంకొంతమంది పిల్లలు వస్తే అందరికీ కలిపి వేస్తాను.”

“ఇయ్యాల పనికి నాగ పెట్టి వచ్చిన సిస్టరమ్మా.”

“ఒక్క వారమే కదా. ఏం కాదులే.”

ఆ ‘ఏం కాదులే’ నేను రోజూ వాడే మాట. చాలా ఆప్యాయంగా అనేదాన్ని. అంజమ్మ పిల్ల చెంప తుడిచి వెళ్ళిపోయింది. మరుసటి బుధవారం మళ్ళీ వచ్చింది. ఆ రోజు ముగ్గురున్నారు. మళ్ళీ అదే మాట చెప్పాను. పిల్లని చంకన వేసుకుని వెళ్ళిపోయింది. ఇంకోసారి నాగా పెడితే ఇక రానక్కర్లేదని ఒక ఇంటావిడ చెప్పేసిందట. అది నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ రోజు అడగలేదు కాబట్టి తెలియలేదు.

మూడో బుధవారం పిల్లలు బాగా కూడారు. సీసా విప్పాను. అంజమ్మ రాలేదు. “చూశావా బాలమణీ, మనం విప్పే రోజే రారు వీళ్ళు” అన్నాను. బాలమణి వెళ్ళి చూసొచ్చింది, ఇంటికి తాళం. సరే, రాలేదు అనుకుని వదిలేశాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మీజిల్స్ టీకాతో పాటు పిల్లల నోట్లో విటమిన్ ఏ సిరప్ ఒక చెంచా పోయాలి. కళ్ళకు మంచిది. ఆ సీసాకి నాలుగు గంటల నియమం ఏమీ లేదు. మూత తీసి ఒక్క పిల్లకి పోసి మళ్ళీ మూత పెట్టేయొచ్చు. అంజమ్మ వచ్చిన రెండు బుధవారాలూ ఆ సీసా నా బల్ల మీదే ఉంది, చెంచా కూడా ఉంది. టీకాతో కలిపి ఇచ్చేది కాబట్టి టీకా లేని రోజు అదీ ఇచ్చేవాళ్ళం కాదు. ఇవ్వొద్దని ఏ ఆఫీసరూ చెప్పలేదు. మా చేతులకు అలా అలవాటైపోయింది.

ఆ వేసవి

ఆ ఎండాకాలం బస్తీలో తట్టు వచ్చింది. ఒక గల్లీలో మొదలై పక్క గల్లీకి పాకింది. గుమ్మాలకు వేపమండలు కట్టారు. తట్టు పోసిన ఇంట్లోకి బయటివాళ్ళను రానివ్వరు. ఆ ఇంట్లో తాలింపు పెట్టరు, పిల్లకి మందు వేయరు, తల్లి వచ్చిందంటారు. నేను దేవుడి వాక్యం చదువుకుని పెరిగినదాన్ని. నాకు ఆ వేపమండలు చూస్తే ఒళ్ళు మండేది. ఇలాంటి నమ్మకాలు పెట్టుకున్నవాళ్ళను ఎవరు బాగుచేస్తారని బాలమణి ముందే అనేదాన్ని. ఆమె కూడా ఇంట్లో వేపమండ కట్టే మనిషే. 

అంజమ్మ గుమ్మానికి కూడా వేపమండ కనిపించింది. బయటే నిలబడి పిలిచాను.

“పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళమ్మా అంజమ్మా.”

“తల్లి పోయినంక తీస్కపోత సిస్టరమ్మా” అని లోపల్నుంచే చెప్పింది.

నేను తల కొట్టుకుంటూ వచ్చేశాను. వాళ్ళు పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి పిల్ల కుడి కంట్లో పుండు పడింది. ప్రాణం దక్కింది. కన్ను తెల్లబడిపోయింది. ఆ కబురు విన్న రోజు చాలా బాధపడ్డాను. కానీ ఆ బాధలో నా తప్పు ఉందని నాకు తట్టనే లేదు. ఇదంతా ఆ వేపమండ చేసిందని గట్టిగా నమ్మాను. అలా నమ్మితే నాకు సుఖంగా ఉండేది. అదీ నిజం.

చుట్టాలు వచ్చిన రోజు

కొన్ని నెలలకు విదేశాల నుంచి ఒక బృందం వచ్చింది. రకరకాల దేశాల్లో పిల్లలకు టీకాలు ఎంతవరకు అందుతున్నాయో చూసి పోతున్నారు. మా నగరం లెక్కలు బాగానే ఉన్నాయి. అయినా ఒక బస్తీ చూస్తామన్నారు. తట్టు వచ్చిన బస్తీయే చూస్తామన్నారు. ప్రభాకర్ గారు నన్ను పిలిచి, “సిస్టర్, మీ ఇంగ్లీషు బాగుంటుంది. వాళ్ళకి మీరే చెప్పండి” అన్నారు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను.

బృందంలో కెన్యా నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఉంది. భారీ మనిషి. గల్లీలో చెప్పులు విడిచి, ఎవరి గుమ్మం ముందైనా కింద కూర్చునేది. అంజమ్మ ఇంటి ముందు ఆగింది. అంజమ్మ అరుగు మీద రేణుకకు అన్నం పెడుతోంది. తల్లి చేయి ఎటున్నదో చూడడానికి పిల్ల మెడ పక్కకు తిప్పింది. డాక్టరమ్మకు విషయం వెంటనే తెలిసిపోయింది.

“ఈ పిల్లకి టీకా ఎందుకు పడలేదు?” అని ఇంగ్లీషులో నన్ను అడిగింది.

“వీళ్ళు తట్టుని దేవత అనుకుంటారు మేడమ్. అందుకే టీకాకి రారు” అని నేను ఇంగ్లీషులోనే చెప్పాను. తడుముకోలేదు కూడా.

“అది మీరు చెప్తున్నారు. ఆమెని అడగండి” అంది.

అడిగాను. “ఏమ్మా అంజమ్మా, పిల్లకి తట్టు టీకా ఎందుకు వేయించలేదు?”

అంజమ్మ నా వైపు చూసింది. చేతిలో ముద్ద అలాగే ఉంది.

“నన్ను అడుగుతున్నవా?”

అప్పటిదాకా ఆమె నన్ను మీరు అనేది. నువ్వు అనడం అదే మొదలు.

“చెప్పమ్మా, వాళ్ళు అడుగుతున్నారు” అన్నాను.

“నేను రాలేదా? రెండు బుధవారాలు వచ్చిన. పోరగాండ్లు తక్కువున్నరని నువ్వే గద వాపస్ పంపినవ్. మూడోపారి నాగ పెడితె పని పోతదని రాలే. ఇప్పుడు గీళ్ళందరి ముంగట ఎందుకేపియ్యలేదని నన్నే అడుగుతున్నవా?”

మాట్లాడుతూ వేలు నా వైపు చూపించింది. నేను అబద్ధం చెప్పలేదు, ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాను. అందులో నా గొప్పతనం ఏమీ లేదు. ఆ వేలు ఎవరిని చూపిస్తోందో అక్కడున్నవాళ్ళందరికీ అర్థమైపోయింది.

డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడగమంది. మీ దేవత టీకా వద్దంటుందా అని. అది కూడా అడిగాను.

“తల్లికి బోనమెత్తుతం, మీ సూది గూడ ఏపిస్తం” అంది అంజమ్మ. “తల్లి ఎప్పుడన్న వద్దన్నదా? వద్దన్నది నువ్వు.”

ఇదీ చెప్పాను.  డాక్టరమ్మ పిల్ల కన్ను పరీక్షగా చూసి, మెల్లగా నన్నే అడిగింది, “కనీసం విటమిన్ ఏ అయినా ఇచ్చారా?” ఆ సంగతి అంజమ్మకు తెలియదు. ఇవ్వలేదని చెప్పాను. మా వెంట వచ్చిన ప్రభాకర్ గారు నేల చూస్తూ నిలబడ్డారు. గల్లీలో అందరూ చూస్తున్నారు. అప్పుడు నాకు అంజమ్మ మీద కోపం వచ్చింది. ఇది ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, కానీ నా మనసులోకి ముందు వచ్చింది కోపమే. పిల్ల కన్ను తర్వాత వచ్చింది.

హోటల్లో మీటింగు

రెండు రోజుల తర్వాత నగరంలో ఒక పెద్ద హోటల్లో మీటింగు పెట్టారు. మమ్మల్నీ పిలిచారు. తెర మీద ప్రపంచపటం వేశారు, దేశానికో రంగు. తర్వాత ఒక గీత వేశారు. ప్రపంచంలో టీకాలు అందుతున్న పిల్లల లెక్క అది. కొన్నేళ్ళపాటు గీత జోరుగా పైకి పోయింది. ఆ తర్వాత చదునుగా సాగింది. ఎందుకు ఆగిపోయిందని డాక్టరమ్మ అడిగింది. హాల్లోవాళ్ళు మేం అందరం అనుకునేవే చెప్పారు. దూరం, పేదరికం, చదువు లేకపోవడం, నమ్మకాలు.

“అవన్నీ ఉన్నాయి” అంది ఆవిడ. “కానీ చాలామంది తల్లులు మన గుమ్మం దాకా వచ్చారు. మనమే వెనక్కి పంపించాం. నా దేశంలో అదే, ఇక్కడా అదే, నేను చూసిన చాలా దేశాల్లో అదే. సీసా విప్పడానికి నర్సు భయపడుతుంది.” ఆ తర్వాత, ఈ నగరంలో ఒక సిస్టర్ ఆ నిజాన్ని ధైర్యంగా అందరి ముందూ చెప్పిందని నా వైపు చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రపంచమంతా ఇదే తప్పు చేస్తోందని విన్నప్పుడు నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను. ఆకలి కూడా వేసింది, భోజనం బాగా చేశాను. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పుడు ఎక్కువ సిగ్గేస్తుంది. తప్పు చేసేవాళ్ళు ఎక్కువమంది ఉన్నంత మాత్రాన రేణుక కన్ను కొంచెమైనా బాగుపడిందా?

మీరు చేరాక మీకూ ఈ గీతలు, ఈ శాతాలు చూపిస్తారు. చూడండి, అవీ కావాలి. ఏ ప్రాంతంలో వెనకబడ్డామో అవే చెప్తాయి. కానీ శాతం బాగుందని మాత్రం నిద్రపోకండి. మా సెంటరు శాతం ఎప్పుడూ బాగానే ఉండేది. వచ్చినవాళ్ళలో ఎవరు తిరిగి వెళ్ళిపోయారో మీ ఆయాని రోజూ అడగండి. పిల్లకి కాస్త జలుబుందని, కార్డు లేదని, సాయంత్రమైందని పంపించేయకండి. తల్లి మళ్ళీ వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఒక్క పిల్ల ఉన్నా సీసా విప్పండి. ఇప్పుడు రూలు కూడా అదే.

ఆ రూలు అందరికీ రాకముందే ప్రభాకర్ గారు మా దగ్గర మార్చేశారు. మరుసటి మీటింగులోనే, ఒక్క పిల్ల కోసమైనా విప్పండి, మిగిలి పారేసినదానికి జవాబు నేను చెప్తాను అన్నారు. తర్వాత నన్ను విడిగా పిలిచి, “ఆ మాట చెప్పింది నేనే సిస్టర్, మీ తప్పు కాదు” అన్నారు. పెద్దమనిషి. నేను ఆ మాటను గబుక్కున అందుకున్నాను. కాదు సార్, నాదీ ఉంది అని ఉండాల్సింది.

ట్రైనింగుల్లో నా పేరు

నన్ను ట్రైనింగులకు పిలవడం మొదలైంది. కొత్త నర్సులకు అంజమ్మ సంగతి చెప్పేదాన్ని. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు నిజంగానే పట్టేసింది. పదోసారికి ఎక్కడ పట్టాలో తెలిసిపోయింది. అంజమ్మ వేలు చూపించిన చోట ఆగేదాన్ని.  కొందరు కళ్ళు తుడుచుకునేవారు. చప్పట్ల దగ్గర ముగించేదాన్ని. టీ విరామంలో వచ్చి, “మీ నిజాయితీ గొప్పది మేడమ్” అనేవారు. అయ్యో అదేం లేదండీ అనేదాన్ని. రెండు శాలువాలు కూడా కప్పారు. వాటిని బీరువాలో ఎక్కడ పెట్టానో ఇప్పుడు వెతకను.

అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అంజమ్మ ఇంటికి వెళ్ళలేదు. సూపర్వైజరునయ్యాను కాబట్టి ఆ గల్లీకి వెళ్ళాల్సిన పని లేదు. ఆటో ఆ దారిన పోతే అవతలి వైపు చూసేదాన్ని.

ఒకరోజు బాలమణి నా ఆఫీసుకే వచ్చింది.

“అంజమ్మకు కొడుకు పుట్టిండు గద. తొమ్మిది నెలలు దాటినయ్. మిగతయన్ని ఏపిచ్చింది, తట్టు సూదికి మాత్రం రానంటున్నది. కొత్త సిస్టర్ పోతె తలుపు ఏసుకున్నది. పక్క బస్తీల మళ్ల తట్టు షురూ అయింది. మీరు పోవాలె.”

“నేను వెళ్తే అసలే తీయదు బాలమణీ.”

“తియ్యకుంటె తియ్యదు. పోవాల్సింది మాత్రం మీరే.”

నేను ట్రైనింగుల్లో ఎప్పుడూ చెప్పనిది ఇక్కడి నుంచే మొదలు.

టీకా డబ్బా పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. అది బుధవారం కూడా కాదు. తలుపు తీసే ఉంది. అంజమ్మ బియ్యం చెరుగుతోంది. బాబు పక్కన పాకుతున్నాడు. నన్ను చూసి చాట కింద పెట్టింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. గుమ్మంలోనే కూర్చుని డబ్బా మూత తీశాను. వచ్చే దారంతా ఏదో చెప్పాలని అనుకున్నాను. ట్రైనింగుల్లో చెప్పే మాటలే నోటికొస్తున్నాయి. అందుకని టీకా సీసా బయటికి తీశాను.

“ఎందరు పోరగాండ్లు జమైన్రు ఇయ్యాల?” అని అడిగింది.

“ఒక్కడే. నీ కొడుకే.”

“ఒక్కనికి ఇప్పుతవా?”

“విప్పుతాను.”

చాట పక్కకు జరిపింది. తర్వాత బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జబ్బ పట్టుకుంది. నేను పొడిలో మందు కలిపాను.  సూది వేశాను, బాబు ఏడ్చాడు, నోట్లో సిరప్ పోశాను. ఏడుపు విని రేణుక బయటి నుంచి పరిగెత్తుకొచ్చింది. మెడ పక్కకు తిప్పి, ఎడమ కంటితో చెంచా వైపు చూసి, “నాకు?” అంది. ఐదేళ్ళ లోపు పిల్లే, ఇవ్వొచ్చు. ఆమెకూ ఒక చెంచా పోశాను. తీయగా ఉందని చెంచా నాకి ఇచ్చింది.

అంజమ్మ సీసా వైపే చూస్తోంది.

“మిగిలింది ఏం జేస్తవ్?”

“గల్లీలో ఇంకెవరైనా పిల్లలుంటే వేస్తాను. లేకపోతే సాయంత్రం పారేస్తాను.”

“పారేస్తె మీ పెద్దసార్లు ఏమనరా?”

“ఇప్పుడేమీ అనరమ్మా.”

“మరప్పుడు ఏమనెటోళ్ళు?”

స్టాకు కొరత గురించి చెప్పొచ్చు. అప్పటి రూలు అలా ఉండేదని చెప్పొచ్చు. ప్రపంచమంతా అలాగే చేసిందనీ చెప్పొచ్చు. అవేవీ ఆ గుమ్మంలో నోటికి రాలేదు.

“మీటింగులో లేపి నిలబెట్టి, ఎందుకు పారేశావని అడిగేవాళ్ళమ్మా” అన్నాను.

ఇంకా ఏదో చెప్తానని ఆమె నా మొహంలోకి చూస్తూ ఆగింది.  గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“గంతేనా?”

“అంతేనమ్మా” అన్నాను.